నాలుగు వేళ్ల ఎత్తు

1998 మేడారం జాతరకు మేం జీపులో పోయాం. అప్పటికి ఆ బండి మాది కాదు. బాపు ఒక తునికాకు (బీడీలు చుట్టే ఆకు) కాంట్రాక్టరు దగ్గర గుమాస్తా. ఎండాకాలమంతా తాడ్వాయి, ఏటూరునాగారం వైపు కల్లాల చుట్టూ తిరిగే జీపు అది. రెండు రోజులు జాతరకు తీసుకుపొమ్మని కాంట్రాక్టరు తాళంచెవి బాపు చేతిలో పెట్టాడు. ముందు బాపు, అమ్మమ్మ, వాళ్లిద్దరి నడుమ నేను. వెనక అవ్వ (మేం అమ్మను అలాగే పిలుస్తాం), చిన్నమ్మ, ఇద్దరు చెల్లెళ్లు, బియ్యం మూట, గిన్నెలు, కాళ్లు కట్టిన రెండు కోళ్లు, నా ఎత్తు బంగారం. మేడారంలో బెల్లాన్ని బంగారమనే అంటారు. అంతకు ముందు ఏడాది నాకు పచ్చకామెర్లు వచ్చి తగ్గితే అవ్వ సమ్మక్క తల్లికి మొక్కుకుంది. ఏడో తరగతి పిల్లవాణ్ని, 31 కిలోలు తూగాను.

పస్రా దాటాక నార్లాపూర్ వైపు దారంతా ఎడ్లబండ్లు, బస్సులు, నడిచిపోయే జనం. గంటకు కిలోమీటరు కూడా కదలడం లేదు. బాపుకు ఆ వైపు బాటలన్నీ తెలుసు కాబట్టి జీపును పక్కకు దింపి చేన్ల నడుమ బండ్ల బాట పట్టాడు. వానాకాలంలో ఎడ్లబండ్లు తిరిగి తిరిగి రెండు పక్కలా లోతు గాడులు పడ్డాయి. నడుమ మట్టి గట్టిపడి ఆవు వెన్నులా లేచింది. కొంత దూరం బాగానే పోయాం. తర్వాత కింద బరబరా రాసుకున్న చప్పుడు, ఆ వెంటనే బండి ఆగిపోయింది. బాపు ఫోర్ వీల్ రాడ్డు వేశాడు. ఇంజన్ మూలుగుతోంది గానీ బండి కదలదు. కడుపు గట్టు మీద కూర్చుంది, చక్రాలు గాడుల్లో తేలి ఊరికే తిరుగుతున్నాయి. చక్రానికి నేల అందనప్పుడు నాలుగు తిరిగితే ఏం, రెండు తిరిగితే ఏం?

బాపు గడ్డపార తీసుకుని కిందికి దూరాడు. నేనూ వెనకాలే పాక్కుంటూ పోయాను. వేడి నూనె వాసన, తలకాయకు రెండు జానెల ఎత్తున ఇనుము. గేరుబాక్సు కింది రేకు మట్టిలో కూరుకుపోయి ఉంది. బాపు మట్టి తవ్వి, అక్కడ తన చెయ్యి అడ్డంగా పెట్టి నాకు చూపించాడు.

"ఇగో సూడు బిడ్డా. గీ నాలుగు వేళ్ల ఎత్తు ఎక్కువుంటే సాలు. ఈ బండికి అడవిల అడ్డం లేదు."

చివరికి వెనకనుంచి వస్తున్న ఒక బండాయన తన ఎడ్లను విప్పి, మోకు కట్టి గుంజితే బయటపడ్డాం. ఆయనకు బాపు డబ్బులియ్యబోతే తీసుకోలేదు. తల్లి దగ్గరికి పోయేటప్పుడు గీ పైసలేందన్నాడు. అవ్వ ఒక బెల్లం ముద్ద ఆయన చేతిలో పెట్టింది.

ఆ నాలుగు వేళ్లు నా మనసులో ఉండిపోయాయి.

మరుసటి ఏడాది కాంట్రాక్టరు కొత్త బండి కొనుక్కుని పాతది బాపుకు అమ్మాడు. జీతంలో కొంత కొంత పట్టుకునే ఒప్పందం. 1991 మోడల్ మహీంద్రా ఎంఎం 540. ఏపీ 36 నంబరు. ఓరుగల్లు వాళ్లకు ఆ 36 ఎంత సొంతమో చెప్పక్కర్లేదు. రాష్ట్రం వచ్చాక కొత్త బళ్లకు టీఎస్ వచ్చింది, ఇప్పుడు టీజీ. మా జీపు ముందు మాత్రం ఇప్పటికీ ఏపీ 36 ఉంది. ఆ రేకును నేను మార్చలేదు, గీతలు పడ్డ అక్షరాల మీద రంగు మాత్రం దిద్దించాను.

రెండో ప్రపంచ యుద్ధంలో తిరిగిన విల్లీస్ జీపు వంశమే ఇది. మహీంద్రా వాళ్లు 1947లో విల్లీస్ జీపులను మన దేశంలో బిగించడం మొదలుపెట్టారు. తర్వాత ఇంజన్లు మారాయి, ఎముకల గూడు మాత్రం అదే. మా దాంట్లో ప్యూజో డిజైను డీజిల్ ఇంజన్, నాలుగు సిలిండర్లు, 2112 సీసీ. చలికాలం పొద్దున ఇంజన్‌ను వేడి చేసే హీటర్ వేయందే లేవదు. స్విచ్చు తిప్పి పట్టుకుని ఇరవై దాకా లెక్కపెట్టడం నా పని. ఇరవై అనగానే బాపు సెల్ఫ్ కొట్టేవాడు. మొదట తెల్లటి పొగ, రెండు మూడు దగ్గులు, తర్వాత ఆ టకటక. కుమార్‌పల్లిలో మా వాడకట్టు అంతా ఆ చప్పుడుకే లేచేది. ఎవరూ కసురుకునేవాళ్లు కాదు, ఎందుకంటే రాత్రిపూట ఎవరికి నొప్పులొచ్చినా, ఎవరికి పాము కరిచినా ఆ బండే దవాఖానాకు పోయేది.

ఎండాకాలం సెలవుల్లో బాపు నన్ను కల్లాలకు తీసుకుపోయేవాడు. ఏప్రిల్, మే నెలల్లో తునికాకు కోత. తెల్లారకముందే అడవికి పోయి ఆకు తెంపుకొచ్చి, ఇంటి ముందు కూర్చుని 50 ఆకులకు ఒక కట్ట కడతారు. సాయంత్రానికి కల్లంలో లెక్క ఇస్తారు. వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బ్యాగు. ఎండిన మైదానం నిండా వరసలు వరసలుగా ఆకు కట్టలు ఆరబోసి ఉంటే చూడాలి. పొద్దున ఆకుపచ్చగా ఉన్న నేల నాలుగు రోజులకు గోధుమరంగు తిరిగేది. ఆ ఆకు వాసన జీపు సీట్లకు పట్టేసింది. పెళ్లిళ్లకు పోయినా, పాకాల చెరువుకు పోయినా, రామప్ప గుడికి పోయినా మాతో పాటు ఆ వాసన వచ్చేది.

నడపడంలో బాపుకు కొన్ని నియమాలు ఉండేవి. తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేయనిచ్చేవాడు కాదు. మలుపులో ముందు చక్రాలు ఒక దూరం తిరుగుతాయి, వెనకవి ఇంకో దూరం. ఈ బండికి ఆ తేడా సర్దే ఏర్పాటు నడుమ లేదు. ఇసకలో, బురదలో అయితే చక్రం కొంచెం జారి సర్దుకుంటుంది. తారు మీద జారదు కాబట్టి ఆ బిగువంతా గేర్ల మీద పడుతుంది. ఇదంతా బాపు ఒక్క మాటలో చెప్పేవాడు: "నేల మెత్తగుంటేనే నాలుగు కాళ్లు."

2009లో ఇంజన్ మొరాయించింది. నీళ్లు తాగుతోంది, పొగ కొడుతోంది. అప్పటికి బాపు పని మానేశాడు, నేను హైదరాబాద్‌లో ఉద్యోగంలో ఉన్నాను. చెల్లెళ్ల పెళ్లి అప్పులు ఉన్నాయి. చేయిద్దాం, చేయిద్దాం అనుకుంటూ వేపచెట్టు కింద నిలబెట్టాం. పదకొండేళ్లు అలాగే నిలబడింది. టైర్లు నేలకు కరుచుకుపోయాయి. పాత ఇనుము కొనేవాళ్లు నెలకొకరు గేటు దగ్గర ఆగి కాటాకు ఇస్తారా అని అడిగేవాళ్లు. బాపు లోపలి నుంచే "లేదు పో" అనేవాడు. అంతకు మించి ఎప్పుడూ దాని గురించి మాట్లాడలేదు. బాగు చేయించమని నన్ను అడగలేదు. ఒకసారి అవ్వ ఫోన్‌లో చెప్పింది, వాన పడితే బాపు గొడుగు వేసుకుని పోయి పరదా సర్ది వస్తాడని.

2020 మార్చిలో లాక్‌డౌన్ పడగానే భార్యా పిల్లలతో హన్మకొండ వచ్చేశాను. ఆఫీసు పని ఇంటి నుంచే. సాయంత్రం ఆరు దాటితే బయటికి పోయే పని లేదు. నాలుగో రోజో అయిదో రోజో పరదా తీశాను.

ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో ఉడుత గూడు. వైరింగు ఎలుకలు కొరికేశాయి. కాళ్లు పెట్టే రేకు జల్లెడ అయిపోయింది, వేలు పెడితే అవతలికి పోతోంది. దుకాణాలు మూసి ఉన్నాయి కాబట్టి ఆ రెండు నెలలు నేను చేసింది ఒకటే, తుప్పు పట్టిన ప్రతి బోల్టు మీదా పొద్దునా సాయంత్రం డీజిల్ చుక్కలు పోయడం. బాపు దగ్గర పాత పానాల పెట్టె ఉంది. ఆయన కుర్చీ వేసుకుని పక్కన కూర్చుని ఏ బోల్టుకు ఏ పానా పడుతుందో చూడకుండానే చెప్పేవాడు. బోల్టు రానప్పుడు బలం పెట్టనిచ్చేవాడు కాదు. ఒక పావు చుట్టు బిగించు, తర్వాత విప్పు అనేవాడు. ముందు బిగిస్తేనే తుప్పు పట్టు విడుస్తుందట. నిజంగానే విడిచేది.

రోడ్లు తెరిచాక మండిబజార్ నుంచి ఉస్తాద్ వచ్చాడు. జీపుల పనిలో నలభై ఏళ్లు చేసిన మనిషి, బాపుకు పాత దోస్తు. కొడుకులు పని మానిపించారు. మా ఇంటికి వస్తున్నట్టు వాళ్లకు చెప్పకుండా వచ్చేవాడు. మొదటి రోజు బండి చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్ మీద చెయ్యి పెట్టి, "గుమాస్త సాబ్, దీన్ని నేను నాలుగు సార్లు ఇప్పిన, అయిదోసారి గూడ ఇప్పుత" అన్నాడు.

ఇంజన్ పట్టేసి ఉంది. ఇంజెక్టర్లు విప్పి ఆ రంధ్రాల్లో డీజిల్ పోసి వదిలేశాం. ఉస్తాద్ రోజూ సాయంత్రం వచ్చి ముందు పుల్లీని పానాతో మెల్లగా ఇటు అటు ఆడించి చూసేవాడు. కదలకపోతే ఇంకొంచెం డీజిల్ పోసి పోయేవాడు. నాకు టెన్షన్. ఆయనకు లేదు. "జల్దీ పని ఖరాబ్ పని బేటా" అనేవాడు. తొమ్మిదో రోజు పుల్లీ గోరంత కదిలింది. ఆయన ఏం మాట్లాడలేదు, నా చెయ్యి పట్టుకుని పానా మీద పెట్టాడు. ఆ గోరంత కదలిక నా అరచేతికి తెలిసింది.

తర్వాత ఇంజన్ దించాం. మూడు జామాయిల్ వాసాలు ముక్కాలు పీటలా కట్టి, చైన్ పుల్లీ వేలాడదీశాం. లైనర్లు, పిస్టన్లు, బేరింగులు కొత్తవి పడ్డాయి. ఈ ఇంజన్ సామాన్లు ఇంకా దొరుకుతాయి, తిరిగే ఓపిక ఉండాలంతే. వరంగల్ ఆటోనగర్‌లో కొన్ని, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొన్ని దొరికాయి. గ్యాస్కెట్ సెట్ ఒకటి ఖమ్మం నుంచి బస్సులో వేయించారు. డీజిల్ పంపు పని మాత్రం పంపు షాపుకే ఇచ్చాను. అది ఇంట్లో చేసే పని కాదు.

బాడీ లేపడం ఒక పండగలా జరిగింది. చాసిస్‌కు పట్టిన బోల్టులన్నీ విప్పాక వాడకట్టు పిల్లలు ఎనిమిది మంది నాలుగు పక్కలా పట్టుకుని, ఏలేలో అంటూ లేపి ఇటుకల మీద పెట్టారు. అవ్వ అందరికీ సర్వపిండి చేసి పెట్టింది. బాడీ పోయాక చాసిస్‌ను పక్కకు వంచి సుత్తెతో తడితే ఆ ఇనుప గొట్టంలోంచి ఎర్రమట్టి రాలింది. దోసెడు మట్టి, అందులో ఎండి పొడైన ఆకు ముక్కలు. మా కాలనీ మట్టి కాదు, ఈ మట్టి రంగు వేరు. బాపు వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, "తాడ్వాయిది" అన్నాడు. దాన్ని ఊడ్చి పారేయనీయలేదు, తులసికోట మొదట్లో వేశాడు.

ఇక ఎత్తు సంగతి.

ఆ మాట నేనే ఎత్తాను. ఎలాగూ అన్నీ విప్పాం కదా, కమాన్లు కూడా చేయిద్దాం, కొంచెం లేపుదాం అన్నాను. కమాన్లంటే బండి బరువు మోసే ఇనుప స్ప్రింగు పట్టీల కట్టలు. బాపు ఏం అనలేదు. ఉస్తాద్ మాత్రం ఎంత అన్నాడు. నేను బాపు వైపు చూడకుండా నాలుగు వేళ్లు చూపించాను. బాపుకు ఆ రోజు గుర్తుందో లేదో నాకు తెలియదు. ఆయన లేచి లోపలికి పోయాడు.

జీపును లేపడానికి కుర్రవాళ్లు ఎక్కువగా చేయించేది ఒకటుంది. ఈ బండికి కమాన్ కట్టలు హౌసింగ్ కింద, అంటే రెండు చక్రాలను కలిపే ఇరుసు గొట్టం కింద ఉంటాయి. వాటిని తీసి హౌసింగ్ మీద కూర్చోబెడితే ఒక్క దెబ్బకు అయిదంగుళాల దాకా లేస్తుంది. చూడ్డానికి బాగుంటుంది. హర్యానాలో మండీ డబ్వాలీ అనే ఊరు ఉంది, జీపులు తమకు కావలసినట్టు కట్టించుకునేవాళ్లకు అది పెద్ద అడ్డా. అక్కడ కట్టిన బండ్ల ఫొటోలు చూసి నాకూ ఆశ పుట్టింది. ఉస్తాద్ ఒప్పుకోలేదు. అంత లేపితే స్టీరింగ్ రాడ్డు ఏటవాలుగా నిలబడుతుంది, గుంతలో పడ్డప్పుడల్లా స్టీరింగ్ తనంతట తాను గుంజుతుంది. ఇంజన్ బలాన్ని హౌసింగ్‌కు మోసే ప్రొపెల్లర్ షాఫ్ట్ వంపు పెరిగి, దాని కీళ్లలోని క్రాసులు తొందరగా అరుగుతాయి. బ్రేకు హోసులు చాలవు. అన్నిటికన్నా ముఖ్యం, ఈ జీపు చక్రాల మధ్య వెడల్పు తక్కువ. బరువు పైకి పోయేకొద్దీ మలుపులో పడిపోయే భయం పెరుగుతుంది. "ఎత్తయితది బేటా, గని మలుపుల పండుకుంటది. పిల్లలను ఎక్కించుకుంటవు గద?" అన్నాడు. ఇంకో మాట కూడా ఉంది. ఆర్‌సీలో రాసిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ఒప్పుకోదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. అందుకే ఇంజన్, బాడీ, చక్రాల మధ్య పొడవు ఏదీ కదిలించలేదు.

అప్పుడే ఆయన ఇంకో సంగతి చెప్పాడు. అది నాకు అంతవరకు తట్టలేదు. కమాన్లు ఎంత లేపినా లేచేది చాసిస్, బాడీ. హౌసింగ్ చక్రాల వెంటే ఉంటుంది, దాని కింద జాగా వెంట్రుకంత కూడా పెరగదు. దాన్ని పెంచేది టైరు ఒక్కటే. టైరు ఎత్తు రెండంగుళాలు పెరిగితే హౌసింగ్ ఒక అంగుళం లేస్తుంది, ఎందుకంటే మిగతా సగం పైకి పోతుంది. మా బండికి మొదటి నుంచి ఉన్నది 6.00-16 టైరు. 7.00-16 వేస్తే ఇంచుమించు రెండంగుళాలు ఎత్తు. అంటే అక్కడ ఒక అంగుళం. కమాన్ల దగ్గర రెండంగుళాలు. బండి కడుపు కింద మొత్తం మూడు. ఉస్తాద్ తన చెయ్యి అడ్డంగా పెట్టి టేపుతో కొలిచి చూపించాడు. నాలుగు వేళ్లు మూడంగుళాలు.

కమాన్ల పని చేసే షెడ్డు ములుగు రోడ్డు మీద ఉంది. నాలుగు కట్టలూ ఆటోలో వేసుకుపోయాను. అక్కడి మేస్త్రి సెంటర్ బోల్టులు విప్పి పట్టీలన్నీ విడదీశాడు. పట్టీల మధ్య తుప్పు రేకులు రేకులుగా రాలింది. ఒక్కో పట్టీని తాడుకు వేలాడదీసి చిన్న సుత్తెతో కొట్టాడు. మంచి పట్టీ గుడిగంటలా సాగుతుంది, ఖంగుమని మోగి చాలాసేపు అలాగే నిలుస్తుంది. పగులున్నది పగిలిన కుండలా టక్కుమని చచ్చిపోతుంది. ఆయన కళ్లు ఎటో ఉన్నాయి, చెవి మాత్రం ఇనుము మీద ఉంది. వెనక కుడివైపు కట్టలో రెండు, ముందు ఎడమవైపు ఒకటి చచ్చిన పట్టీలు తేలాయి. కంటికి ఎక్కడా పగులు కనిపించలేదు. నేను నమ్మలేదని గ్రహించి ఆయన ఒక దాని మీద కిరోసిన్ పూసి, తుడిచి, సుద్దపొడి చల్లాడు. కాసేపటికి ఆ తెలుపులో వెంట్రుకంత నల్లగీత లేచింది. లోపల దాగిన కిరోసిన్ పొడిని తడిపింది. ఆ మూడు పట్టీలు కొత్తవి కోయించాం.

మిగిలిన పట్టీలకు వంపు తీయడం సాయంత్రం దాకా సాగింది. పట్టీని పడవలా వెల్లకిలా దిమ్మె మీద పెట్టి లోపలి వైపు పెద్ద సుత్తెతో కొడతారు. ఒక దెబ్బ, జానెడు జరుపుడు, ఇంకో దెబ్బ. అన్నీ ఒకే బరువు దెబ్బలు. ఎక్కడన్నా ఒకటి గట్టిగా పడితే అక్కడ మడత పడుతుంది, రేపు అక్కడే విరుగుతుంది. నేల మీద సుద్దముక్కతో గీసిన వంపు మీద పట్టీని పెట్టి చూసి, మళ్లీ కొట్టి, మళ్లీ చూశారు. వంపు నుంచి అంగుళంన్నర వచ్చింది. ఇంకో అరంగుళం కోసం, కమాన్ కొసను చాసిస్‌కు కలిపే షాకిళ్లను ఒక అంగుళం పొడుగు చేయించాం. షాకిల్ పట్టీకి ఒక కొసనే ఉంటుంది కాబట్టి, దాన్ని ఎంత పెంచితే అందులో సగమే ఎత్తు వస్తుంది. మేస్త్రి పట్టీల నడుమ గ్రీజు పూసి, కట్టలు బిగించి, నన్ను నిలబెట్టి చెప్పాడు. "మొదట్ల గట్టిగ ఉంటయి తమ్మీ. వెయ్యి కిలోమీటర్లు తిరిగినంక కూసుంటయి. గప్పుడు యూ బోల్టులు మల్ల బిగియ్యాలె, మర్సిపోకు."

బండి మళ్లీ ఒక రూపానికి వచ్చేసరికి 2021 వానాకాలం. రేకు పని ఇంట్లోనే చేయించాం, పుట్టీ వీలైనంత తక్కువ. రంగు పాత తెలుపే. మొదటిసారి స్టార్ట్ చేసిన రోజు పైపుల్లో గాలి పోయేదాకా పంపు కొట్టి, ఇంజెక్టర్ నట్లు వదులు చేసి డీజిల్ బుడగలు ఆగేదాకా చూసి, మళ్లీ బిగించాం. బాపును డ్రైవర్ సీట్లో కూర్చోమంటే ఒద్దన్నాడు. నేను కూర్చుని హీటర్ స్విచ్చు తిప్పి పట్టుకున్నాను. కిటికీ పక్కన నిలబడి ఆయన లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పైకే లెక్కపెట్టాడు, ఒకటి, రెండు, మూడు. పద్దెనిమిది దగ్గర ఆయన గొంతు బొంగురుపోయింది. ఇరవైకి నేను సెల్ఫ్ కొట్టాను. తెల్లటి పొగ, రెండు దగ్గులు. వంటింట్లోంచి అవ్వ పిండి చేతులతోనే బయటికి వచ్చి నిలబడింది.

అంతా అయిపోయిందనుకున్నాక ఒక చిక్కు వచ్చింది. ములుగు రోడ్డు మీద యాభై దాటగానే స్టీరింగ్ వణకడం. చేతులు వదిలితే బండి పక్కకు పోతోంది. టైర్లు మార్చి చూశాం, బాల్ జాయింట్లు చూశాం. ఉస్తాద్ బండి కింద పడుకుని చాలాసేపు ముందు హౌసింగ్ వైపు చూశాడు. సైకిల్ ముందు ఫోర్కు చూడండి, నిటారుగా ఉండదు, కొంచెం వెనక్కి వాలి ఉంటుంది. ఆ వాలు వల్లే చక్రం తనంతట తాను తిన్నగా వస్తుంది. జీపు ముందు చక్రాలు తిరిగే కింగ్‌పిన్‌కూ అలాంటి వాలు ఉంటుంది. ముందు షాకిల్ పొడుగు చేసేసరికి హౌసింగ్ కొంచెం తిరిగి ఆ వాలు తగ్గిపోయింది. ఒక వైపు మందంగా, ఒక వైపు పల్చగా రెండు ఇనుప ముక్కలు కోయించి, కమాన్ కట్టకూ హౌసింగ్‌కూ మధ్య పెట్టి బిగించాడు. అంతే, అరవైలో కూడా చెయ్యి ఆనించి కూర్చోవచ్చు. బ్రేకు హోసులు కూడా అప్పుడే పొడుగువి వేశాం, హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లల్లో పడకుండా కిందికి దించాం. టైరు పెద్దది కాబట్టి మీటరు ముల్లు 50 చూపిస్తే అసలు వేగం 53, 54 ఉంటుంది. అది గుర్తుపెట్టుకుని నడుపుతాను. ఫిట్‌నెస్ చేయించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి, ఆర్‌సీ ఇంకో అయిదేళ్లకు రెన్యువల్ చేయించాను.

2022 ఫిబ్రవరి 16న జాతర మొదలు. రద్దీ కాకముందే మొక్కు తీర్చుకుందామని అవ్వ వారం ముందే బయలుదేరదీసింది. ఈసారి ఎత్తు బంగారం బాపుది. కరోనా రెండో విడత ఊళ్ల మీద పడ్డప్పుడు బాపు పదకొండు రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాడు. అవ్వ అప్పుడే మొక్కుకుంది. 58 కిలోలు తూగాడు.

పొద్దున బెల్లం, కొబ్బరికాయలు అన్నీ ఎక్కించాక బాపు వచ్చి ముందు డోరు దగ్గర నిలబడ్డాడు. చేత్తో పక్క రాడ్డు పట్టుకుని కాలు లేపాడు. కాలు అందలేదు. మోకాళ్ల నొప్పులతో ఆయన కాలు అంత ఎత్తు లేవడం లేదు. ఇంకోసారి లేపాడు. రెండేళ్లు కిందా మీదా పడి అన్నీ కొలిచాను, ఇది మాత్రం కొలవలేదు. నేను పోయి ఎత్తి కూర్చోబెట్టబోతే బాపు చెయ్యి అడ్డం పెట్టాడు. అవ్వ లోపలికి పోయి, తను అన్నం తినేటప్పుడు కూర్చునే మద్ది పీట తెచ్చి డోరు కింద వేసింది. బాపు పీట మీద కాలు పెట్టి ఎక్కి, సీటు మీద అటు ఇటు సర్దుకుని కూర్చున్నాడు. "పీట బండిల ఎయ్యి" అన్నాడు.

గట్టమ్మ గుడి దగ్గర ఆగి కొబ్బరికాయ కొట్టి, ములుగు దాటి, పస్రా దగ్గర కుడివైపు మళ్లాం. ఇప్పుడు రోడ్డంతా తారు. జంపన్నవాగు మీద వంతెన ఉంది. ఆ నాలుగు వేళ్ల అవసరం ఎక్కడా లేదు. నార్లాపూర్ దగ్గరికి రాగానే బాపు ఆపమన్నాడు. ఎడమ పక్కకు చేన్ల నడుమ బాట ఒకటి పోతోంది. అదే బాటో కాదో నాకు తెలియదు. ఇప్పుడు అందులో తిరుగుతున్నవి ట్రాక్టర్లు, గాడులు అప్పటికన్నా వెడల్పు. నడుమ గట్టు మాత్రం అలాగే ఉంది, దాని మీద మోకాలెత్తు గడ్డి.

బాపు పీట వేయించుకుని దిగాడు. నువ్వు పోనియ్యి, నేను ఇక్కడ్నుంచి చూస్తా అన్నాడు. ఫోర్ వీల్ రాడ్డు వేసి, మొదటి గేరులో గాడుల్లోకి దించాను. పిల్లలు వెనక సీటు మీద ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. గడ్డి కింది రేకును రాసుకుంటూ సర్రున పోతున్న చప్పుడు వినిపిస్తోంది. మట్టి తగిలిన చప్పుడు కోసం చెవి పెట్టుకుని కూర్చున్నాను. తగల్లేదు. అవతలి గట్టు దాకా పోయి, తిప్పుకుని, అదే బాటన వెనక్కి వచ్చాను.

వచ్చేసరికి బాపు బాట నడుమ వంగి, ఒక చేత్తో మోకాలు పట్టుకుని, ఇంకో చెయ్యి అడ్డంగా గట్టు మీద పెట్టి చూస్తున్నాడు. గడ్డి పడుకుని ఉంది గానీ మట్టి ఎక్కడా చెక్కుకుపోలేదు. చాలాసేపు అలాగే ఉండి లేచాడు. నేను దిగి పీట తెచ్చి డోరు కింద వేశాను.